యాప్ వేగం, యార్డు వేగం

మన ఐటీ వాళ్ళలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. ఏ సమస్యనైనా తెచ్చి మన ముందు పెట్టండి, ఎదుటివాడు రెండో వాక్యం పూర్తిచేసేలోపే "దీనికో ప్లాట్‌ఫామ్ ఉంటే సరిపోతుంది" అనేస్తాం. రైతుకి ధర రావట్లేదా? ప్లాట్‌ఫామ్. చేనేత చీరలు అమ్ముడవట్లేదా? ప్లాట్‌ఫామ్. జిల్లా వెనకబడి ఉందా? అక్కడో ఐటీ టవర్, అందులో ఇంకో ప్లాట్‌ఫామ్ :-). ఈ మధ్య వీటన్నిటినీ కలిపి "డిజిటల్ ఎకోసిస్టమ్" అంటున్నారు. పేరు పెద్దదే కానీ అసలు ప్రశ్న చిన్నదే. ఒక ప్రాంతానికి నెట్టు, ఫోన్లు, పోర్టళ్ళు, ఆన్‌లైన్ చెల్లింపులు అన్నీ వచ్చేస్తే అక్కడి జనం సంపాదన నిజంగా పెరుగుతుందా? పెరిగితే నాలుగు కాలాలపాటు నిలుస్తుందా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెరుగుతుంది, కానీ పని ఎక్కడ ఆగిపోతోందో సరిగ్గా అక్కడ సాఫ్ట్‌వేర్ పడితేనే పెరుగుతుంది. నిలుస్తుంది, కానీ దానివల్ల వచ్చిన మిగులు (డబ్బు కావచ్చు, డేటా కావచ్చు, నైపుణ్యం కావచ్చు) ఎంతో కొంత ఆ ప్రాంతంలోనే ఉంటేనే నిలుస్తుంది. ఈ రెండూ లేకుండా కట్టిన పోర్టళ్ళు ప్రారంభోత్సవం ఫోటోల్లో బాగుంటాయి, అంతే.

ముందు బాగా పనిచేసిన కథ చెప్పుకుందాం. కేరళ ఉత్తర తీరంలో 1997 నుంచి 2001 మధ్య మొబైల్ ఫోన్లు వచ్చాయి. అప్పట్లో స్మార్ట్‌ఫోన్లూ లేవు, యాప్‌లూ లేవు. ఉత్తి మాట్లాడుకునే ఫోన్లు. చేపల పడవలవాళ్ళు వాటిని కొనుక్కుని, సముద్రంలో ఉండగానే ఏ రేవులో ధర ఎంతుందో కనుక్కుని అటువైపు పడవ తిప్పడం మొదలుపెట్టారు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త కాసరగోడ్, కన్నూర్, కోళికోడ్ జిల్లాల్లో దీన్ని ఏళ్ళ తరబడి గమనించి 2007లో ఫలితాలు ప్రచురించాడు. ఫోన్లు రాకముందు పట్టిన చేపల్లో 5 నుంచి 8 శాతం దాకా కొనేవాడు లేక పారబోసేవారు. అదే ఉదయం పదిహేను కిలోమీటర్ల దూరంలో ఇంకో రేవులో కొనేవాళ్ళు చేప దొరక్క ఖాళీ చేతులతో వెళ్ళిపోయేవారు. ఫోన్లు వచ్చాక ఆ వృథా దాదాపు పోయింది. జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకి ధర 4 శాతం తగ్గింది. ఇద్దరూ బాగుపడ్డారు! ఎవరి సబ్సిడీ లేదు, ఏ పథకమూ లేదు.

ఈ కథని మనవాళ్ళు చాలామంది చెప్పుకుంటారు, చెప్పుకుని "చూశారా, సమాచారం ఇస్తే చాలు" అని తేల్చేస్తారు. నేను అడిగేది ఏంటంటే, అక్కడ సమాచారం ఎందుకు సరిపోయింది? ఎందుకంటే అక్కడ తక్కువైంది సమాచారం ఒక్కటే. పడవ ఉంది, అందులో సరుకు ఉంది, నాలుగు రేవులున్నాయి, ఎటైనా తిప్పుకోవచ్చు. చేప తాజాగా ఉందో లేదో కొనేవాడికి చూడగానే తెలుస్తుంది. చేతికి డబ్బు ఇచ్చేస్తాడు. ఒక్క ధర తెలియకపోవడం తప్ప మిగతా గొలుసంతా బాగానే ఉంది. ఆ ఒక్క లింకు అతికేసరికి మొత్తం పరిగెత్తింది.

ఇప్పుడు మనూరికి వద్దాం. నిజామాబాద్ పసుపు మార్కెట్.

2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం ఈ-నామ్ మొదలుపెట్టింది. దేశంలోని వ్యవసాయ మార్కెట్లన్నిటినీ ఒకే ఆన్‌లైన్ వేలం కిందకి తేవాలన్నది ఆలోచన. మొదటి విడతలో 8 రాష్ట్రాల్లో 21 మార్కెట్లు, వాటిలో నిజామాబాద్ ఒకటి. ఆ సాఫ్ట్‌వేర్ బాధ్యత తీసుకున్నది కూడా మన హైదరాబాదు సంస్థే, నాగార్జున ఫెర్టిలైజర్స్. 2020 మే నాటికి ఈ-నామ్‌లో మార్కెట్ల సంఖ్య 1000కి చేరింది. ఇంజనీరింగ్‌గా చూస్తే ఇది చిన్న పని కాదు. ఇన్ని రాష్ట్రాల మార్కెటింగ్ చట్టాలు, ఇన్ని భాషలు, ఇన్ని పంటలు ఒకే చోట నడిపించడం ఎంత తలనెప్పో రిక్వైర్‌మెంట్ మీటింగుల్లో కూర్చున్న ఎవరికైనా అర్థమవుతుంది.

ఆన్‌లైన్ వేలం వల్ల మంచి జరగలేదా? జరిగింది. పాత పద్ధతిలో వ్యాపారులు గుంపుగా తిరుగుతూ రాశి దగ్గర నిలబడి ధర పాడేవారు, నలుగురూ కూడబలుక్కుంటే రైతు చేసేది ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్ళు బిడ్ వేస్తారు, పక్కవాడు ఎంత వేశాడో కనపడదు. గేటు దగ్గర లాట్ నంబరు, తూకానికి రికార్డు, అమ్మకానికి బిల్లు ఉంటాయి. ఇవన్నీ నిజమైన లాభాలే, కాదనను.

కానీ 2019 సంగతి గుర్తుందా? ఈ-నామ్ వచ్చిన మూడేళ్ళకి, లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీలో నిలిచారు. అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు! ఎన్నికల సంఘం ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. వాళ్ళు అడిగింది గిట్టుబాటు ధర, పసుపు బోర్డు. దేశంలోనే ముందుగా ఆన్‌లైన్ అయిన మార్కెట్లలో ఒకటి వాళ్ళ ఊళ్ళోనే ఉంది, అయినా వాళ్ళు ధర కోసం నామినేషన్లు వేశారు. మన డ్యాష్‌బోర్డులో పచ్చగా కనిపించే గీతకీ, రైతు చేతికొచ్చే డబ్బుకీ మధ్య ఏదో తెగిపోయి ఉందని చెప్పడానికి ఇంతకంటే పెద్ద బగ్ రిపోర్టు ఏం కావాలి?

ఎక్కడ తెగిందో చూద్దాం. ఇక్కడ మన చదువు పనికొస్తుంది. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పేపర్లో ఆమ్‌డాల్ సూత్రం అని చదువుకున్నాం కదా, జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పింది. ఒక పనిలో కొంత భాగాన్నే వేగం చేస్తే మొత్తం పని వేగం మిగిలిన భాగం దగ్గర ఆగిపోతుంది. వంద నిమిషాల పనిలో పది నిమిషాల భాగాన్ని సున్నా నిమిషాలు చేశారనుకోండి, ఎంత గొప్ప కోడ్ రాసినా మొత్తానికి తొంభై నిమిషాలు పట్టాల్సిందే. పసుపు యార్డుకి కూడా ఇదే సూత్రం.

పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. తవ్విన తర్వాత ఉడకబెట్టాలి, రెండు వారాల దాకా ఎండలో ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి, అప్పుడు యార్డుకి తేవాలి. ఇందులో వేలం అనేది ఒక్క పూట పని. ఆ ఒక్క పూటని మనం ఆన్‌లైన్ చేశాం. మిగతావి? ఆరబెట్టడానికి సరైన కల్లం లేకపోతే తేమ ఎక్కువుంటుంది, ధర అక్కడే పడిపోతుంది. వేలంలో ఎన్ని సర్వర్లు పెట్టినా తడిసిన పసుపు ఆరదు కదా.

తర్వాతది నాణ్యత. యార్డులో వ్యాపారి కొమ్ము చేత్తో పట్టుకుని, విరిచి లోపలి రంగు చూసి ధర కడతాడు. మందులకీ, ఎగుమతులకీ కొనేవాళ్ళకి కావలసింది కుర్కుమిన్ శాతం, అది చూపుతో తెలిసేది కాదు, పరీక్ష చేయాలి. సాంగ్లీలోనో ఈరోడ్‌లోనో కూర్చున్న వ్యాపారి నిజామాబాద్ రాశిని చూడకుండా స్క్రీను మీద బిడ్ వేయాలంటే ఎవరో ఒకరు "ఈ లాట్‌లో ఇంత తేమ, ఇంత కుర్కుమిన్" అని రాసిచ్చిన కాగితం మీద అతనికి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం సాఫ్ట్‌వేర్‌లో పుట్టదు. ల్యాబులో, అక్కడ పనిచేసే మనిషిలో, తేడా వస్తే ఎవరు బాధ్యత వహిస్తారన్న నియమంలో పుడుతుంది. ఈ-నామ్‌లో వేరే రాష్ట్రం మార్కెట్ల మధ్య వ్యాపారం మొత్తం వ్యాపారంలో చాలా చిన్న వాటాగా మిగిలిపోవడానికి ఇది ముఖ్యమైన కారణం అని నా ఉద్దేశం. దేశమంతా ఒకే మార్కెట్ అన్నాం, చివరికి అదే ఊరి వ్యాపారులు అదే ఊరి సరుకుని ఫోన్లో కొంటున్నారు.

అన్నిటికన్నా పెద్ద ముడి అప్పు. పెట్టుబడికి కమీషన్ ఏజెంటు దగ్గర డబ్బు తెచ్చుకున్న రైతు సరుకు ఆయన దుకాణానికే తేవాలి. ధర బాగాలేదని వారం ఆగుదామంటే కుదరదు, వడ్డీ ఆగదు కాబట్టి. చాలా యార్డుల్లో డబ్బు ఖాతాలో పడేదాకా ఆగలేనివాడికి వెంటనే నగదు ఇచ్చి కొంత కోత కోసుకుంటారు. కేరళ జాలరి ఏ రేవుకైనా పడవ తిప్పగలిగాడు. ఈ రైతు పడవకి ముందే తాడు కట్టేసి ఉంది. వాడికి దేశంలోని అన్ని మార్కెట్ల ధరలూ లైవ్‌లో చూపించినా చూడటం తప్ప చేయగలిగింది ఏముంది?

"అయితే డిజిటల్ వల్ల ఏమీ కాదంటావా?" అని మీరు అడగొచ్చు. కానే కాదు. ముడి ఎక్కడుందో అక్కడ పెట్టమంటున్నా. అప్పు ముడికి కూడా డిజిటల్ మందు ఉంది. 2017లో ఎలక్ట్రానిక్ గిడ్డంగి రసీదులు వచ్చాయి. రిజిస్టరైన గిడ్డంగిలో సరుకు పెడితే డీమ్యాట్ షేర్ల మాదిరి మీ పేరున రసీదు ఆన్‌లైన్లో ఉంటుంది, దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు, ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. బాగా ఆరిన పసుపు నెలల తరబడి నిలవ ఉండే సరుకు, దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇది వేలం యాప్ అంత ఆకర్షణీయంగా ఉండదు, ప్రారంభోత్సవంలో చూపించడానికి స్క్రీన్ కూడా ఉండదు. కానీ రైతు చేతికి "ఇవాళ అమ్మను" అనే అధికారం ఇస్తుంది. ధర పెరగడానికి ఆ ఒక్క మాట చాలాసార్లు వంద బిడ్లకన్నా ఎక్కువ పనిచేస్తుంది. అయితే దీనికి కూడా దగ్గర్లో నమ్మదగ్గ గిడ్డంగి, ఆ రసీదు చూడగానే అప్పిచ్చే బ్యాంకు మేనేజరు కావాలి. మళ్ళీ నేల మీది పనే.

ఇంకో అనుభవం కూడా చెప్పుకోవాలి. 2000లో ఐటీసీ కంపెనీ మధ్యప్రదేశ్ సోయా ఊళ్ళలో ఈ-చౌపాల్ పెట్టింది. ఊళ్ళోనే ఒక రైతు ఇంట్లో కంప్యూటరు, దాన్లో ధరలు. నచ్చితే కంపెనీ కేంద్రానికి తెచ్చి నేరుగా అమ్ముకోవచ్చు, అక్కడే తూకం, పరీక్ష. అపరాజిత గోయల్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ కంప్యూటర్లు వచ్చిన చోట మామూలు మండీల్లో కూడా సోయా ధర 1 నుంచి 3 శాతం పెరిగింది. గమనించండి, కంపెనీకి అమ్మనివాడికి కూడా లాభం వచ్చింది. కారణం ధర తెలియడం ఒక్కటే కాదు, "ఇక్కడ కుదరకపోతే అక్కడికి పోతా" అనే రెండో తలుపు నిజంగా తెరుచుకుంది.

ఇక రెండో ప్రశ్న, మిగులు ఎక్కడికి పోతోంది? ఉదాహరణకి ఒక జిల్లా కేంద్రంలో హోటళ్ళు, దుకాణాలు నెలకి కోటి రూపాయల వ్యాపారం ఏదో ఒక యాప్ ద్వారా చేస్తున్నాయనుకుందాం. యాప్ వాటా ఇరవై శాతం అనుకుంటే నెలకి ఇరవై లక్షలు జిల్లా దాటి బెంగుళూరుకో గురుగ్రామ్‌కో వెళ్తాయి. యాప్ తెచ్చిన కొత్త గిరాకీ అంతకంటే ఎక్కువైతే ఊరికి లాభమే, అందులో తప్పులేదు. కానీ పాత గిరాకీయే యాప్ దారి పట్టిందనుకోండి, ఊరి ఉత్పాదకత ఏమీ పెరగలేదు, మధ్యలో ఒక టోల్‌గేటు మాత్రం లేచింది. మొదటి ఏడు డిస్కౌంట్లు, మూడో ఏడు కమీషన్ పెంపు అన్న వరుస మనకి కొత్తేమీ కాదు. వెళ్ళిపోదామంటే కస్టమర్ల లిస్టు ఎవరి దగ్గరుంది? దుకాణదారు దగ్గర కాదు.

యూపీఐ ఈ విషయంలో మంచి పాఠం. 2016లో మొదలై, 2025 ఆగస్టులో ఒక్క నెలలో 2000 కోట్ల లావాదేవీలు దాటింది. 2020 జనవరి నుంచి వ్యాపారి మీద చార్జీ లేదు. సోడా బండి దగ్గర నుంచి బంగారం షాపు దాకా అందరికీ ఒకటే ప్రోటోకాల్. నిజమే, అందులోనూ 80 శాతానికి పైగా రెండు యాప్‌ల చేతిలోనే ఉంది. కానీ రేపు ఆ యాప్ నచ్చకపోతే కిరాణా కొట్టాయన ఇంకోటి పెట్టుకోవచ్చు, కస్టమరు పోడు, ఖాతా పోదు. ప్రోటోకాల్ ఉమ్మడి ఆస్తి అయితే వచ్చే తేడా ఇది. అలాగని చార్జీ లేకపోతే ఖర్చు లేదని కాదు, బ్యాంకులూ ప్రభుత్వమూ భరిస్తున్నాయి, ఎవరు ఎంతకాలం భరించాలన్నది తేలాల్సిన విషయమే. నిలకడ అంటే అదే కదా, కరెంటు బిల్లు ఎవరు కడతారో తెలియాలి.

నిలకడ గురించి మనం అసలు పట్టించుకోని కోణం ఇంకోటి ఉంది, నీళ్ళు. ధర బాగుందని తెలిస్తే రైతు ఆ పంటే ఎక్కువ వేస్తాడు. సోయాలో అదే జరిగిందని గోయల్ అధ్యయనమే చెప్పింది. పసుపు తడి కోరే పంట, తొమ్మిది నెలలు నీళ్ళు పెట్టాలి. బోర్ల కింద వేస్తే? మన యాప్ విజయవంతమైన కొద్దీ భూగర్భ జలం కిందకి దిగుతుంది. డ్యాష్‌బోర్డులో ఆ కాలమ్ ఉండదు కాబట్టి పదేళ్ళ తర్వాత కానీ తెలియదు.

దీనికి జవాబు మనవాళ్ళే ఒకసారి రాశారు, అదీ కంప్యూటర్ లేకుండా. ఉమ్మడి రాష్ట్రంలో 2003 తర్వాత, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో 638 ఆవాసాల్లో రైతులే భూగర్భ జలాల లెక్క కట్టుకున్నారు. వాన ఎంత పడిందో వాళ్ళే కొలిచేవారు, బోరులో నీటిమట్టం పదిహేను రోజులకోసారి వాళ్ళే చూసేవారు, ఊరి గోడ మీద బోర్డుకి ఎక్కించేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఈసారి ఎన్ని నీళ్ళున్నాయి, ఏ పంటకి ఎంత పడుతుందని బడ్జెట్ వేసుకునేవారు. ఫలానా పంట వేయకూడదని ఎవరికీ హుకుం లేదు, జరిమానా లేదు. లెక్క కళ్ళముందు ఉండేసరికి చాలామంది వరి తగ్గించి తక్కువ నీళ్ళ పంటలకి మళ్ళారు. ప్రాజెక్టు డబ్బు ఆగాక అన్ని ఊళ్ళలో ఆ అలవాటు నిలవలేదు, అది కూడా చెప్పుకోవాలి. కానీ నా దృష్టిలో మనం కట్టిన చాలా పోర్టళ్ళ కన్నా అది మంచి ఎకోసిస్టమ్. ఎందుకంటే డేటా పుట్టించినవాడే దాన్ని చదివాడు, చదివినవాడే నిర్ణయం తీసుకున్నాడు. మన పోర్టళ్ళలో రైతు డేటా ఎంట్రీకి ముడిసరుకు, రిపోర్టు వెళ్ళేది రాజధానికి.

మళ్ళీ నిజామాబాద్ దగ్గరికే వస్తే, ఆ ఊళ్ళో ఇప్పుడు అన్నీ ఉన్నాయి. 2016 నుంచి ఆన్‌లైన్ వేలం ఉంది. 2023 ఆగస్టులో ఐటీ హబ్ తెరిచారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది, ప్రధాన కార్యాలయం అక్కడే. విడివిడిగా మూడూ గొప్పవే. నా ప్రశ్న ఒకటే, ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా? జిల్లాల్లో ఐటీ హబ్ అంటే హైదరాబాదులో చేసే పనినే తక్కువ జీతానికి ఇంకో ఊళ్ళో చేయించడం అయితే, ఆ కుర్రాళ్ళకి ఇంటి భోజనం దక్కుతుంది, అది మంచిదే. కానీ ప్రాంతం ఉత్పాదకత పెరగాలంటే హబ్‌లో రాసే కోడ్‌లో కొంతైనా పక్కనున్న యార్డుకి పనికిరావాలి. చౌకగా తేమ, కుర్కుమిన్ కొలిచే పరికరం, ఆ ఫలితాన్ని లాట్ నంబరుకి ముడిపెట్టే రికార్డు, అయిదేళ్ళ అమ్మకాల చరిత్ర రైతు చేతికే ఇచ్చి దాన్ని బ్యాంకు ముందు పెట్టుకునే వీలు, గిడ్డంగి రసీదు, ఊరివారీగా బోర్ల నీటిమట్టం. వీటిలో రాకెట్ సైన్స్ ఏదీ లేదు. సమస్య ఉన్న చోట నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఇంజనీరు ఉండటం కావాలి, అది ఇప్పుడు కుదిరింది కూడా.

2022-23లో తెలంగాణ ఐటీ ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలు, ఉద్యోగాలు 9 లక్షల పైన. దాదాపు అంతా హైదరాబాదు చుట్టూనే. ఇంత బలం ఒక ఊళ్ళో పోగుపడ్డాక, ప్రపంచంలో ఎక్కడో ఉన్న బ్యాంకుకి సెకనులో వెయ్యో వంతు మిగిల్చే మనం, రెండు వందల కిలోమీటర్ల లోపే ఉన్న యార్డులో రైతు డబ్బు కోసం ఎన్నాళ్ళు ఎదురుచూస్తున్నాడో కొలవకపోవడం నాకు మాత్రం అన్యాయంగా అనిపిస్తుంది. కొలవడం మన వృత్తే కదా. ప్రొఫైలర్ పెట్టకుండా ఆప్టిమైజ్ చేయకూడదని జూనియర్లకి క్లాసు పీకుతాం. ఆ మాట ఆఫీసు బయట కూడా వర్తిస్తుంది.

కాబట్టి ఈసారి ఎవరైనా "జిల్లాకో డిజిటల్ ప్లాట్‌ఫామ్" అంటే, చప్పట్లు కొట్టేముందు మూడు విషయాలు అడగండి. ప్రస్తుతం పని ఎక్కడ ఆగుతోంది, మీది అక్కడే పడుతోందా? వచ్చే మిగులులో ఊరికి ఎంత, బయటికి ఎంత? నిధులు ఆగిపోయిన మర్నాడు దీన్ని ఎవరు నడుపుతారు? జవాబులుంటే మనం కూడా ఓ చెయ్యి వేద్దాం. లేకపోతే ఆ డబ్బుతో ముందు నాలుగు సిమెంటు కల్లాలు వేయించమని చెప్పండి. వాటికి సర్వర్ డౌన్ అవడం అంటూ ఉండదు.